ఉతకని ఊలు

మార్గశిరం రెండో గురువారం, పొద్దున ఏడు గంటల పది నిమిషాలు. మా గోడ గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తుంది. అది తీసేసే చెప్తున్నాను. ఆ రోజుకు నా మనవడు పుట్టి ఐదు రోజులు. కిటికీ తెర పక్కకు లాగి, వాడి ముఖం వెలుతురుకు తిప్పి చూశాను. పసుపు రాసినట్టుంది. కంటిరెప్ప వేలితో మెల్లగా ఎత్తాను. తెల్లగా ఉండాల్సిన చోట కూడా అదే పసుపు.

ఆ రంగు నాకు కొత్త కాదు. అంతకుముందు ఒక్కసారి చూశాను.

ఈ సంగతి మా ఊరు సాతంరాయిలో ఇప్పుడు మూడు రకాలుగా చెప్పుకుంటున్నారు. కాన్పు చేసిన దవాఖానలో తప్పుడు సూది వేశారని కొందరంటారు. చూడవచ్చిన ఎవరిదో దిష్టి తగిలిందని కొందరు. బాలింత తినకూడనిది తిన్నదని ఇంకొందరు. ఇందులో ఒక్కటీ నిజం కాదు. నిజం నాకు తెలుసు. చేసింది నేనే కాబట్టి తెలుసు. నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. అప్పటినుంచి టోపీల కొలతలు, ఊలు సంగతులు, పాలవాడి లెక్క తప్ప వేరే ఏమీ రాయలేదు. ఇది రాయాలి అనిపించింది.

నేను ఇంట్లో కూర్చుని ఊలు టోపీలు అల్లుతాను. మా గోడ పక్కింటి ఆపా నేర్పింది, ఆపా అంటే వాళ్ళ మాటలో అక్క. ఆమె శంషాబాద్ బజారు వెనక గల్లీలో పుట్టిన మనిషి, నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. చలికాలం వస్తే విమానాశ్రయం పనికి పోయేవాళ్ళు మా గడపకు వస్తారు. టాక్సీలు నడిపేవాళ్ళు, సరుకు దించేవాళ్ళు, తెల్లారకముందే ఊడవడానికి పోయే ఆడవాళ్ళు. అటువైపు అంతా బయలు. గాలికి అడ్డం ఏమీ ఉండదు. చెవులు కోసుకుపోతాయి. వాళ్ళందరికీ చెవులు కప్పే టోపీలు అల్లి ఇస్తాను.

అల్లడం పెద్ద పని కాదు. నెల రోజులు చేస్తే చేతికి అదే వస్తుంది. ఊలు ఎంచడమే పని. నేను మొదటిసారి కొనడానికి పోయినప్పుడు ఎర్రది బాగుందని చెయ్యి పెట్టాను. ఆపా నా చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"రంగు తర్వాత చూడమ్మా. పహలే మెడకు రాసి చూడు. మెడ ఒప్పుకుంటే తల ఒప్పుకుంటది."

అప్పటినుంచి నేను దుకాణంలో నిలబడి మెడకు రాసుకుంటాను. దుకాణపాయన నవ్వితే నవ్వుతాడు. బండి మీద పోయేవాడికి కొంచెం మొద్దు ఊలు కావాలి, రోజూ ఉతికినా సాగకూడదు. తలకు చెమట పట్టేవాడికి నూలు కలిసింది కావాలి. అచ్చం గొర్రె బొచ్చుది వెచ్చగా ఉంటుంది కానీ ముసలివాళ్ళ పలచటి తలకు గుచ్చుతుంది. నూగు లేచే ఊలు చూడ్డానికి కుందేలు పిల్లలా ముద్దుగా ఉంటుంది, పసిపిల్లలకు అది పనికిరాదు. నూగు నోట్లోకి పోతుంది. ఇవన్నీ నా కాపీలో, అంటే నోటుపుస్తకంలో, రాసుకున్నాను. అందులో ఆపా చెప్పిన చివరి మాట ఇది: కొత్తదైనా పాతదైనా, పసిపిల్లకు అల్లే ఊలు రెండు నీళ్ళు పోశాకే సూది ఎక్కాలి.

రాసుకున్నాను. చేయలేదు.

మా దగ్గర తొట్టెల అయ్యేదాకా, అంటే ఇరవై ఒకటో రోజున పిల్లను తొట్టెలలో వేసేదాకా, ఒంటి మీద కొత్త బట్ట వేయరు. పాత చీర మెత్తటి ముక్కల్లో చుడతారు. మా అమ్మ అట్లనే చేసింది, వాళ్ళమ్మా అట్లనే చేసింది. నా బిడ్డకు, అంటే నా కూతురికి, కడుపుతో ఏడో నెల రాగానే నాకు ఆలోచన మొదలైంది. కాన్పు చలిలో వస్తుంది. తలకు టోపీ లేకుంటే కుదరదు. కొత్త ఊలు వాడకూడదు. మరి ఏం చేయాలి? పాత ఊలు కావాలి.

పాత ఊలు నా సందుగలో ఉంది. నా పెళ్ళికి మా అమ్మ ఇచ్చిన ఇనుప పెట్టె అది. అడుగున నా బిడ్డ బడికి వేసుకుపోయిన లేత నీలం స్వెటర్ ఉంది. బిడ్డకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు ఆపా అల్లింది. మెత్తటి ఊలు, మెడకు రాసుకుంటే వెన్నలా ఉంటుంది. ఇన్నేళ్ళు పురుగు పట్టకుండా చూసుకున్నాను. ఎట్లా అంటే, ఏటా దసరాకు బట్టల మధ్య గుప్పెడు డాంబర్ గోలీలు వేస్తాను. బట్టల్లో వేసే తెల్లని గోలీలు, ఘాటు వాసన వస్తాయి, అవే. పాతవి కరిగి చిన్నగైతే వాటిని తీయను, వాటి మీదే కొత్తవి వేస్తాను.

తల్లి వేసుకున్న స్వెటర్ విప్పి కొడుకుకు టోపీ. మంచి ఆలోచన అనుకున్నాను. ఇప్పటికీ ఆలోచన మంచిదే అంటాను.

పాత అల్లిక విప్పితే దారం సాఫుగా రాదు. వంకర్లు వంకర్లుగా వస్తుంది. దాన్ని కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల కట్టి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, సబ్బు నీళ్ళలో ఒకసారి, మంచి నీళ్ళలో ఒకసారి తీసి, కింద చెంబు వేలాడదీసి ఆరబెట్టాలి. బరువుకు వంకర్లు పోతాయి. రెండు రోజుల పని, ఎండ ఉంటే. నేను స్వెటర్ విప్పి పెట్టుకున్న మర్నాడే బిడ్డకు నొప్పులు వచ్చాయి. పది రోజులు ముందు. శనివారం పొద్దున మగపిల్లవాడు పుట్టాడు. సోమవారం ఇంటికి పంపిస్తామన్నారు. మబ్బు పట్టి ఉంది. ఎండ లేదు.

వంకర దారంతోనే అల్లాను. ఆదివారం ఒక్క పూటలో టోపీ అయిపోయింది. తలకు పట్టే చిన్న టోపీ, అంచు రెండు మడతలు.

గోడ అవతలినుంచి తొంగి చూసి ఆపా అడిగింది. "దారం వంకరగుంది గదమ్మా. రెండు నీళ్ళు పోసినవా?"

"పోసిన" అన్నాను.

ఎందుకు అన్నానో చెప్తాను. పొయ్యి మీద బాలింతకు కాయం మందు పెట్టాను, అది మాడుతోంది. ఆపాతో వాదానికి దిగితే మధ్యాహ్నం దాకా సాగుతుంది. అంతే కారణం. పెద్ద కారణం ఏమీ లేదు.

సోమవారం పిల్లవాడు ఇంటికి వచ్చాడు. గడప దాటగానే టోపీ తొడిగాను. బిడ్డ వాడిని ఒళ్ళోకి తీసుకుని ముఖం చిట్లించింది.

"అమ్మా, గీ టోపీ వాసనొస్తుంది."

"మంచి వాసనే. పురుగు ముట్టలేదన్నట్టు."

"డాంబర్ గోలీల వాసన అమ్మా."

"నీకు బడికి పోయేటప్పుడు గదే స్వెటర్ తొడిగిన. ఏమన్న అయిందా నీకు? పండు, నడుం ఆనించు."

పండుకుంది. మా ఇంట్లో ఆ వాసన అంటే శుభ్రం అని అర్థం. పండుగకు సందుగ తెరిస్తే వచ్చే వాసన అది. పిల్లవాడిని చుట్టిన చీర ముక్కలు కూడా ఆ సందుగలోవే. వాటినైతే ఉతికాను. నూలు బట్ట తొందరగా ఆరుతుంది. ఊలు ఒక్కటే ఉతకలేదు. ఆ ఒక్కటే వాడి మాడుకు, చెవులకు, చెంపలకు అంటుకుని మూడు రాత్రులు, మూడు పగళ్ళు ఉంది.

బుధవారం తుక్కుగూడ నుంచి వియ్యపురాలు వచ్చింది, నా అల్లుడి తల్లి. మనవడిని చూసుకుంది, ముద్దాడింది, టోపీ బాగుందంది. వాడు పొద్దంతా నిద్రపోతున్నాడు. పాలకు లేపితే రెండు గుటకలు తాగి మళ్ళీ కళ్ళు మూసేవాడు. బుద్ధిమంతుడు, ఏడవడు అని ఇద్దరం మురిసిపోయాం.

గురువారం ఏడూ పదికి ఆ తెర లాగాను.

"వదినా, జర ఇటు రా" అని పిలిచాను. మళ్ళీ పిలిచాను.

వియ్యపురాలు చూసింది. "పసిరికలే. అందరు పిల్లలకు అయితయి. ఎండల పెడితే దిగుతయి."

"ఎండేది?"

"లేకుంటే మా తుక్కుగూడల ఒకాయన ఉన్నడు. చేతికి చిన్న వాత పెడితడు, ఆకు పసరు పోస్తడు. మూడు దినాలల్ల తెల్లగయితడు పిలగాడు."

"వద్దు."

"అట్ల కాదు వదినా, ఆయన..."

"వద్దంటున్న గద! వాత మాట నా ఇంట్ల ఎత్తకు!"

ఆమె వెనక్కి జరిగింది. "గింత ఎగురుతవేంది? నేనేమన్న పరాయిదాన్నా? నా కొడుకు కొడుకు వాడు."

ఎందుకో చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి పోవాలి. పిల్లవాడి నోట్లో చిటికెన వేలు పెట్టి చూశాను. చీకలేదు. ఐదు రోజుల పిల్ల నోట్లో వేలు పెడితే చీకాలి. వీడి నాలుక కదలలేదు.

అల్లుడు విమానాశ్రయంలో టాక్సీ నడుపుతాడు. తెల్లవారుజామున వచ్చిన ప్రయాణికులను దింపి అప్పుడే వాకిట్లో బండి ఆపాడు. కాళ్ళు కడుక్కోబోతున్నవాడిని చెయ్యి పట్టుకుని ఆపాను.

"కొడుకా, బండి తిప్పు. దవాఖానకు."

వాడు నా ముఖం చూసి బండి తిప్పాడు. బిడ్డను వెనక కూర్చోబెట్టాం, పక్కన వియ్యపురాలు. పిల్లవాడిని నా ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చున్నాను. రాజేంద్రనగర్ వైపు ఒక పిల్లల దవాఖాన ఉంది, అక్కడికి. మామూలుగా అరగంట. ఆ రోజు బెంగళూరు రోడ్డు మీద ఏదో లారీ ఆగిపోయి బండ్లు కదలడం లేదు. పక్కన టాక్సీల్లో జనం పెట్టెలు పెట్టుకుని గడియారాలు చూసుకుంటున్నారు. విమానం అందదని వాళ్ళ భయం. తలుపు తీసి ఒక్కొక్కడినీ పట్టుకుని, మీది భయమా, ఇది చూడండి అని అరవాలనిపించింది.

పిల్లవాడి పొట్ట మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. పొట్ట లేస్తోంది, దిగుతోంది. ఒక్కోసారి దిగి, లేవడానికి ఆలస్యం చేస్తోంది. ఆ ఆలస్యంలో నేను కూడా ఊపిరి తీసుకోలేదు. నెత్తి మీదనుంచి విమానం దిగుతూ పోయింది, అంత చప్పుడుకు పెద్దవాళ్ళమే ఉలిక్కిపడతాం. వాడు ఉలిక్కిపడలేదు. అప్పుడు బిడ్డ వెనకనుంచి అడిగింది.

"అమ్మా, లేచిండా?"

"లేచిండు. చూస్తున్నడు" అన్నాను. అది ఆ వారంలో నేను చెప్పిన రెండో అబద్ధం.

నలభై ఏళ్ళ కిందట నాకు మొదటి కాన్పులో కొడుకు పుట్టాడు. నాలుగో రోజు ఇట్లనే పచ్చబడ్డాడు. పాలు మానేశాడు. ఎవరో చెబితే తీసుకుపోయి ముంజేతికి వాత పెట్టించారు. ఎర్రగా కాలిన ఇనుప చువ్వ. నేనే పట్టుకున్నాను వాడి చెయ్యి. అప్పుడు మాత్రం ఏడ్చాడు, బాగా ఏడ్చాడు. ఏడ్చాడు కాబట్టి బతుకుతాడనుకున్నాను. ఆరో రోజు పోయాడు. పన్నెండేళ్ళ తర్వాత గానీ నాకు ఈ బిడ్డ పుట్టలేదు. దానికి ఒక అన్న పుట్టి పోయాడని తెలుసు. ఎట్లా పోయాడో చెప్పలేదు. అడిగితే "చిన్నతనంలనే పోయిండు" అనేదాన్ని. చనిపోయిన నా భర్తకు, నాకు తప్ప ఆ వాత సంగతి తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

దవాఖానలో నర్సమ్మ పిల్లవాడిని నా చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. బట్టలన్నీ తీసేసింది. కళ్ళకు గంతలు కట్టి గాజు పెట్టెలో, నీలం దీపాల కింద పడుకోబెట్టింది. మడమకు సూది గుచ్చి రక్తం తీసింది. వాడు కాలు కొంచెం కదిపాడు. ఏడవలేదు. టోపీ తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇది మీ దగ్గర ఉంచండమ్మా" అని పోయింది.

బయట ఇనుప కుర్చీలో కూర్చున్నాను. టోపీ ఇంకా వాడి వెచ్చదనంతో ఉంది. ముఖానికి ఆనించుకున్నాను. వాడి పాల వాసన కోసం ఆనించుకున్నాను. పాల వాసన రాలేదు. గోలీల వాసన, ముక్కు లోపలి దాకా గుచ్చింది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ వాసన నాకు తెలియనే లేదు. దవాఖాన గాలిలో తెలిసింది. నాకు అప్పటికి ఏమీ తెలియదు, ఎవరూ ఏమీ అనలేదు. అయినా టోపీ మడిచి చీర కుచ్చిళ్ళ దగ్గర నడుం లోపలికి దోపుకున్నాను. ఎందుకు దాచానో నన్ను అడిగితే చెప్పలేను. చెయ్యి దాచింది.

కాసేపటికి ఆపా ఆటోలో వచ్చింది, మోకాళ్ళ నొప్పితో కుంటుకుంటూ. నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "పరేషాన్ గావద్దమ్మా. దీపాల కింద పెట్టిన్రు గద, దిగిపోతది." ఆమె చెయ్యి పట్టుకుంటే నాకు ఇంకా భయమైంది. రెండు నీళ్ళు పోశానని నేను చెప్పింది ఈమెకే.

పదకొండున్నరకు డాక్టరమ్మ మమ్మల్ని తన గదిలోకి పిలిచింది. చిన్న వయసు, కోస్తా మాట. మాట మెత్తగా ఉంది, ముఖం మెత్తగా లేదు.

"బాబుకి కామెర్లు చాలా ఎక్కువగా ఉన్నాయండీ. మామూలు కామెర్లు కావు ఇవి. లోపల రక్తకణాలు విరిగిపోతున్నాయి. నాలుగింటికి మళ్ళీ పరీక్ష చేస్తాం. అప్పటికీ ఎక్కుతూనే ఉంటే వాడి రక్తం తీసి వేరే రక్తం ఎక్కించాలి. లేకపోతే మెదడుకి ప్రమాదం."

బిడ్డ గోడకు ఆనుకుంది. అల్లుడు దాని భుజం పట్టుకున్నాడు.

"నేను రెండు విషయాలు అడుగుతాను, బాగా గుర్తు చేసుకుని చెప్పండి" అంది డాక్టరమ్మ. "కొందరు మగపిల్లలకి పుట్టుకతోనే రక్తంలో ఒక పదార్థం తక్కువుంటుంది. తల్లివైపు నుంచి వస్తుంది. మామూలుగా ఏమీ కాదు. కొన్ని మందులు తగిలినా, బట్టల్లో వేసే తెల్ల గోలీల ఘాటు తగిలినా రక్తం విరిగిపోతుంది. బాబుకి వాడిన బట్టలు ఎక్కడ దాచినవి? రెండోది, తల్లివైపు ఎవరైనా మగపిల్లలు పుట్టగానే పచ్చబడి పోయారా?"

గది చల్లగా ఉంది. పైన పంకా లేదు, గోడకు చల్లటి మిషన్. అయినా నా వీపు మీద చెమట కారడం తెలుస్తోంది. రెండు ప్రశ్నలు. రెండూ నావే. ఆ గదిలో ఇంకెవరికీ జవాబు తెలియదు.

వియ్యపురాలు ముందు మాట్లాడింది. "బట్టలన్ని ఉతికినయేనమ్మా. మా వదిన శుభ్రం మనిషి. అక్షరం గూడ నేర్చుకున్నది."

ఆపా కూడా అంది. "టోపీ ఊన్ గూడ రెండు నీళ్ళు పోసింది. నేనే అడిగిన."

నా తరఫున ఇద్దరూ సాక్ష్యం చెప్పారు. నేను నోరు మూసుకుంటే చాలు. డాక్టరమ్మ తల ఊపి రాసుకోబోయింది. ఆ కలం కాగితం మీదికి దిగుతుంటే నాకు లెక్క తెలిసింది. అది రాసుకుంటే వాళ్ళు వేరే కారణం వెతుకుతారు. వాడు బతికి ఇంటికి వస్తే నేను మళ్ళీ అదే సందుగ తెరుస్తాను. బతికి ఇంటికి వస్తే.

"పోయలే" అన్నాను.

ఆపా నా వైపు తిరిగింది.

"ఆపా, నీళ్ళు పోయలే. నీకు అబద్ధం చెప్పిన." నడుంలోంచి టోపీ తీసి బల్ల మీద పెట్టాను. "డాక్టరమ్మా, ఇది గోలీల సందుగల పద్దెనిమిదేళ్ళు ఉన్న ఊలు. ఉతకకుండ అల్లిన. సోమవారం నుంచి వాని నెత్తి మీదనే ఉన్నది. చీర ముక్కలు గూడ గదే సందుగవి, అవి ఉతికిన."

డాక్టరమ్మ టోపీ ముక్కు దగ్గరకు తీసుకుని వెంటనే దించింది. ఒక పలచటి సంచిలో వేసి మూతి కట్టింది.

"రెండోది" అన్నాను. అప్పుడు బిడ్డ వైపు చూడలేదు. బల్ల మీద సంచి వైపే చూశాను. "నాకు మొదట కొడుకు పుట్టిండు. నాలుగో దినం పచ్చగైండు, ఆరో దినం పోయిండు. చేతికి వాత పెట్టించినం. నేనే పట్టుకున్న. వానికి చుట్టిన బట్టలు గూడ గా సందుగలయే."

డాక్టరమ్మ గబగబా రాసుకుంది. "ఇది ముందే చెప్పినందుకు మంచిదైందమ్మా" అని లేచి, లోపలికి పోయింది.

బిడ్డ నన్ను చూసింది. "నేను వాసనొస్తుందని చెప్పిన" అంది. అంతే అంది. అరిచి ఉంటే బాగుండేది.

వియ్యపురాలు ఊరుకోలేదు. ఆమె తీరు అది, నా తీరు కూడా అదే. "వదినా, ముసలితనంల బడికి పోయి ఏం నేర్సుకున్నవ్? గింత తెల్వదా? నా కొడుకు ఇంటి దీపం..." అంటూ అంటూ మధ్యలో ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. చేతిలో ఉన్న సంచి వైపు చూసుకుంది. అందులోంచి మడత పెట్టిన బొంత తీసింది. తొట్టెలకు పరవాలని ఇంటినుంచి తెచ్చిన పాత బొంత. బుధవారం ఊరినుంచి తెచ్చిన సంచి ఇంట్లో విప్పకుండా, పొద్దున అట్లనే భుజాన వేసుకొచ్చింది. బొంత విప్పగానే రెండు తెల్ల గోలీలు జారి నేల మీద దొర్లాయి, గోడ దాకా.

అల్లుడు వంగి ఏరాడు. "అమ్మా, నువ్వు గూడనా?" అన్నాడు.

ఆమె కుర్చీలో కూలబడింది. బొంతను, గోలీలను వాడే తీసుకుపోయి దవాఖాన బయట చెత్త డబ్బాలో వేసి వచ్చాడు. చేతులు సబ్బుతో కడుక్కుని మరీ లోపలికి వచ్చాడు.

ఆపా నాతో నాలుగింటి దాకా మాట్లాడలేదు. నా పక్కనే కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంది. మూడున్నరకు మాత్రం ఒక మాట అంది. "నువ్వు పోసినవంటే నేను నమ్మిన. వాసన చూడలే. నాది గూడ తప్పే." నాకు అది తిట్టు కన్నా బరువుగా తగిలింది.

ఆ నాలుగు గంటలు ఎట్లా గడిచాయో రాయడం నాకు చేతకాదు. గాజు అవతల నీలం వెలుతురులో వాడు కాళ్ళు చాపి పడుకున్నాడు. ఆ వెలుతురులో పసుపు కనబడదు. తగ్గిందో పెరిగిందో కంటితో తెలియదు. వాడి ముంజేయి వైపే చూశాను. అక్కడ వాత లేదు. లేదని తెలిసీ మళ్ళీ మళ్ళీ చూశాను.

నాలుగు దాటి ఇరవై నిమిషాలకు డాక్టరమ్మ వచ్చింది. పెరగలేదంది. తగ్గిందని అనలేదు, పెరగలేదంది. రక్తం మార్చడం ఇప్పటికి ఆపుతున్నామంది. మర్నాడు పొద్దున కొంచెం దిగింది. ఆ మర్నాడు వేలు పెడితే చీకాడు. నర్సమ్మ నన్ను పిలిచి చూపించింది. వాడి రక్తంలో ఆ పదార్థం తక్కువేనని పరీక్షలో తేలింది. నానుంచి నా బిడ్డకు, నా బిడ్డనుంచి వాడికి. నా మొదటివాడికి కూడా అదే అయిందా అని అడిగాను. "అయి ఉండొచ్చమ్మా, ఇప్పుడు చెప్పలేం" అంది డాక్టరమ్మ.

వాడికి తగలకూడనివి ఏమేమిటో ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. దాన్ని పెద్ద అక్షరాలతో మళ్ళీ రాసి సందుగ మూత లోపలివైపు అంటించాను. గోలీలన్నీ పారేశాను. బట్టలు మూడుసార్లు ఉతికి, వారం ఎండబెట్టాను. సందుగలో వేపాకు వేశాను. ఏటా రెండు బట్టలు పురుగు తింటే తిననీ. తొట్టెల రోజుకు నూలు కలిసిన తెల్ల ఊలుతో కొత్త టోపీ అల్లాను. ఈసారి నీళ్ళు ఆపా చేతితో పోయించాను, నా చేతిని నేను నమ్మలేదు. బిడ్డ ఆ టోపీ తీసుకుని ముందు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ తర్వాతే వాడికి తొడిగింది. ఇప్పటికీ నేను ఏది అల్లి ఇచ్చినా అట్లనే చేస్తుంది. నేను ఏమీ అనను. వాడికి తుమ్ము వస్తే చాలు, నేను తెర పక్కకు లాగి కళ్ళ రెప్పలు ఎత్తి చూస్తాను. దానికి బిడ్డ కూడా ఏమీ అనదు.

సూది అని, దిష్టి అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ గురువారం పదకొండున్నరకు ఆ గదిలో ఉన్నవాళ్ళు వీళ్ళు. గోడకు ఆనుకుని నిలబడ్డ నా బిడ్డ. దాని భుజం పట్టుకున్న నా అల్లుడు. బొంత సంచితో నా వియ్యపురాలు. నా పక్కన పక్కింటి ఆపా. కలం పట్టుకున్న డాక్టరమ్మ. తలుపు దగ్గర, పిల్లవాడి కాగితాలు పట్టుకుని వచ్చిన నర్సమ్మ. నేను. గోడ అవతల నీలం దీపాల కింద, కళ్ళకు గంతలతో, తల మీద ఏమీ లేకుండా నా మనవడు.